ఆటలో అరటిపండు కాదు, పదిహేనోవాడు

చిన్నప్పుడు మా వీధిలో ఆడుకుంటుంటే మరీ చిన్నపిల్లలు వచ్చి మేమూ ఆడతామని ఏడ్చేవాళ్లు. సరే రమ్మని ‘ఆటలో అరటిపండు’గా కలుపుకునేవాళ్లం. వాడు అందరితో పాటు పరిగెత్తుతాడు, దాక్కుంటాడు, కేకలు పెడతాడు. దొరికినా దొంగ కాడు. వాడు లెక్కలో లేడన్న సంగతి అందరికీ తెలుసు, వాడికొక్కడికే తెలియదు. అందుకే వాడంత సంతోషంగా ఇంకెవరూ ఆడరు.

అమెరికా బాస్కెట్‌బాల్ లీగ్ ఎన్‌బీఏలో జట్ల బెంచ్ చివర కూర్చునేవాళ్లని చూసినప్పుడల్లా నాకు ఈ మాటే గుర్తొస్తుంది. తేడా ఒక్కటే. తాము లెక్కలో లేమని వీళ్లకి బాగా తెలుసు. ఎన్ని రోజులు ఉంచుకుంటారో, ఏ తేదీన పొమ్మంటారో కూడా తెలుసు. తెలిసి కూడా పొద్దున్నే అందరికన్నా ముందు జిమ్‌కి వస్తారు.

ఈ ఆట మీద నాకు ఇష్టం పెద్ద స్టార్ల వల్ల రాలేదు. 2015లో నేను టెక్సస్ వచ్చాను. డాలస్ పక్కనున్న అర్వింగ్‌లో కన్సల్టెన్సీ వాళ్ల గెస్ట్ హౌస్, రెండు బెడ్‌రూములు, ఆరుగురం. ప్రాజెక్టు లేదు, రోజూ రెజ్యూమె మార్కెటింగ్. మన ఐటీ వాళ్ల భాషలో చెప్పాలంటే ‘బెంచ్ మీద’ ఉన్నాను. బెంచ్ మీద ఉన్నా జీతం ఇవ్వాలని చట్టం చెబుతుంది. మా కన్సల్టెన్సీ ఇవ్వలేదు. అడిగితే “ప్రాజెక్టు రానీ, అంతా సెటిల్ చేద్దాం” అనేవాళ్లు. నాలుగు నెలలు అలా గడిచాయి. ఇంటికి ఫోన్ చేసినప్పుడు అమ్మ “ఉద్యోగం ఎలా ఉంది నాన్నా” అని అడిగితే బాగుందనే చెప్పాను.

ఆ చలికాలంలోనే మా రూమ్మేట్ ఒకాయన, ఒంగోలు నుంచి వచ్చిన అన్న, “తమ్ముడూ, మనవాడొకడు ఫ్రిస్కోలో ఆడుతున్నాడంట, పోదాం పద” అన్నాడు. మనవాడంటే సత్నాం సింగ్. పంజాబ్‌లో బల్లో కే అనే పల్లెటూరి కుర్రాడు, 7 అడుగుల 2 అంగుళాల మనిషి. కొత్త ఆటగాళ్లని జట్లు వంతులవారీగా ఎంచుకునే డ్రాఫ్ట్‌లో, 2015లో డాలస్ మావరిక్స్ జట్టు 52వ పిలుపులో తీసుకుంది. ఇండియాలో పుట్టి ఎన్‌బీఏ డ్రాఫ్ట్‌లో ఎంపికైన మొదటి ఆటగాడు. మావరిక్స్‌లో చోటు మాత్రం దొరకలేదు. వాళ్ల అనుబంధ జట్టు టెక్సస్ లెజెండ్స్‌కి పంపారు. అలాంటి అనుబంధ జట్లు ఆడే చిన్న లీగ్‌ని డెవలప్‌మెంట్ లీగ్ అనేవాళ్లు అప్పుడు, 2017 నుంచి జీ లీగ్ అంటున్నారు.

చిన్న స్టేడియం. పంజాబీ కుటుంబాలు కొన్ని, మనవాళ్లు కొందరు. ఆట మొదలయ్యే ముందు సత్నాం అందరితో పాటు బంతులు వేశాడు. ఆట మొదలయ్యాక టవల్ భుజాన వేసుకుని కూర్చున్నాడు. ఆ రాత్రి అతన్ని కోర్టులోకి పంపలేదు. మా వెనక ఒక పెద్దాయన చివరి దాకా “సత్నాం, సత్నాం” అని అరుస్తూనే ఉన్నారు. నాకు గొంతు పెగల్లేదు. అతను కూర్చున్న తీరు నాకు తెలుసు. గెస్ట్ హౌస్ సోఫాలో ల్యాప్‌టాప్ ముందు నేను కూర్చునేది అలాగే. పిలుస్తారేమోనని వీపు నిటారుగా పెట్టుకుని.

రెండు సీజన్లు లెజెండ్స్‌లో ఉన్నాడు, ఆడింది తక్కువ. ఎన్‌బీఏలో ఒక్క ఆట కూడా ఆడలేదు. అదే 2015 ఏప్రిల్‌లో, భారత సంతతికి చెందిన కెనడా కుర్రాడు సిమ్ భుల్లర్ సాక్రమెంటో కింగ్స్ తరఫున పది రోజుల కాంట్రాక్టు మీద మూడు ఆటలు ఆడాడు. మన మూలాలున్నవాళ్లలో ఆ కోర్టు మీద అడుగుపెట్టిన మొదటి మనిషి అతనే. ఆ మూడు ఆటల తర్వాత మళ్లీ ఎన్‌బీఏలో కనపడలేదు.

ఈ చివరి కుర్చీలు ఎలా నడుస్తాయో ఇక్కడ కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే నా ఫిర్యాదంతా ఆ వివరాల్లోనే ఉంది. ఒక్కో జట్టుకి పూర్తి కాంట్రాక్టు ఆటగాళ్లు 15 మంది దాకా ఉండొచ్చు. 14 మంది కచ్చితంగా ఉండాలి, కొద్దిరోజులు మాత్రం అంతకన్నా తగ్గొచ్చు. వీళ్లు కాకుండా ‘టూ-వే’ వాళ్లు ముగ్గురు. వీళ్లు కాసేపు పెద్ద జట్టులో, కాసేపు జీ లీగ్‌లో. 2017లో ఈ పద్ధతి మొదలైనప్పుడు జట్టుకి ఇద్దరే, 2023 నుంచి ముగ్గురయ్యారు. జీతం కొత్త ఆటగాడి కనీస జీతంలో సగం. ఒక సీజన్‌లో 50 ఎన్‌బీఏ ఆటలకి మించి ఆడే జాబితాలో ఉండకూడదు. సీజన్ చివర టైటిల్ కోసం జరిగే ప్లేఆఫ్స్‌లో అసలే ఆడకూడదు. ఇక జనవరి 5 నుంచి పది రోజుల కాంట్రాక్టులు మొదలవుతాయి. ఒక జట్టు ఒక ఆటగాడికి అలాంటివి సీజన్‌లో రెండే ఇవ్వాలి. మూడోసారి కావాలంటే సీజన్ చివరి దాకా ఉంచుకోవాలి.

డబ్బు సంగతి చూడండి. 2023–24 సీజన్‌లో జీ లీగ్ ఆటగాడికి సీజన్ మొత్తానికి జీతం 40,500 డాలర్లు. అదే సీజన్‌లో కొత్త ఆటగాడికి పది రోజుల కాంట్రాక్టు మీద వచ్చేది 64,343 డాలర్లు. అయిదు నెలలు మామూలు విమానాల్లో, చిన్న ఊళ్లలో ఆడి సంపాదించేదానికి ఒకటిన్నర రెట్లు పది రోజుల్లో వస్తుంది. టూ-వే మనిషికి ఆ ఏడాది దాదాపు 5,60,000. పూర్తి కాంట్రాక్టులో అందరికన్నా తక్కువ జీతం 11 లక్షల డాలర్ల పైనే. మెట్టు మెట్టుకీ మధ్య దూరం చూస్తే కళ్లు తిరుగుతాయి. ఫోన్ ఎప్పుడు మోగుతుందా అని ఎదురుచూసే కుర్రాడికి ఆ ఫోన్ ఎంత బరువో ఈ అంకెలు చెబుతాయి.

వీళ్లని పేదవాళ్లని నేను అనడం లేదు. టూ-వే జీతం నాలుగేళ్ల నా సంపాదన కన్నా ఎక్కువ. నేను అడిగేది జాలి కాదు. ఒక మనిషిని పనికి పిలిచాక, ఆ పనిని అతనితో పూర్తిగా చేయించుకోవాలని అడుగుతున్నాను. అతని చేతులు కట్టేసే నిబంధనలు పెట్టి, అవసరం తీరాక కూరలో కరివేపాకులా తీసి పక్కన పెట్టొద్దని అడుగుతున్నాను.

నాకు అన్నిటికన్నా బాధ కలిగించేది జనవరి మొదటి వారం. జనవరి 10 నాటికి పూర్తి కాంట్రాక్టు మీద జట్టులో ఉన్నవాళ్ల జీతాలన్నీ సీజన్ మొత్తానికి ఖాయమైపోతాయి. తీసేసిన ఆటగాడు రెండు రోజులు వేరే జట్లు తీసుకోవడానికి అందుబాటులో ఉండాలి కాబట్టి, జట్లు జనవరి 7 సాయంత్రంలోపే తీసేస్తాయి. సరిగ్గా రెండు రోజుల ముందు, అంటే 5న, పది రోజుల కాంట్రాక్టుల తలుపు తెరుచుకుంటుంది. ఈ రెండు తేదీలూ పక్కపక్కన పెట్టి చూడండి. అక్టోబరు నుంచి ప్రాక్టీసులో దెబ్బలు తిని, పెద్ద ఆటగాళ్లకి ప్రత్యర్థి జట్టు ఎత్తులు ఆడి చూపించి, సూట్‌కేసు పూర్తిగా విప్పని మనిషిని 7న పంపించేస్తారు. అతని కుర్చీలో ఇంకొకణ్ణి పది రోజులకి కూర్చోబెడతారు. నిబంధన ప్రకారం అంతా సక్రమమే. మన ఇళ్లలో సంక్రాంతికి బూజులు దులిపి పాత సామాను భోగి మంటకి బయటపెట్టే రోజుల్లోనే ఇది జరుగుతుంది. ఏటా ఆ వారం తీసేసినవాళ్ల జాబితా చదువుతాను. చాలా పేర్లు ఎవరూ గుర్తుపెట్టుకోరు. నేను రెండుసార్లు చదువుతాను.

మా డాలస్ జట్టుకే ఈ లెక్కలు ఎలా ఎదురు తిరిగాయో 2025లో కళ్లారా చూశాం. ఫిబ్రవరి మొదట్లో జట్టులో అందరికన్నా పెద్ద స్టార్ లూకా డాన్సిచ్‌ని లాస్ ఏంజెలస్ లేకర్స్‌కి పంపేశారు. ఆ రోజు గురించి రాయడం మొదలుపెడితే ఈ వ్యాసం దారి తప్పుతుంది. బదులుగా వచ్చిన ఆంథొనీ డేవిస్ డాలస్ తరఫున ఆడిన మొదటి ఆటలోనే గాయపడ్డాడు. మార్చి 3న కైరీ అర్వింగ్ మోకాలి లిగమెంట్ తెగింది. ఇంకా గాయాలు, ఇంకా గాయాలు. జట్టు ఖర్చు మీద లీగ్ గీసిన గీతకి మావరిక్స్ సుమారు 51 వేల డాలర్ల దూరంలో ఉంది. ఆ మిగులుతో సీజన్ చివరి వారం దాకా పూర్తి కాంట్రాక్టు మీద ఇంకొకణ్ణి తెచ్చుకునే వీలే లేకపోయింది. కోట్ల డాలర్ల జీతాలు సూట్లు వేసుకుని బెంచ్ వెనక కూర్చున్నాయి. ఆటకి కనీసం 8 మంది ఉండాలన్న నిబంధన తప్పుతుందేమో, ఆడకుండానే ఓడిపోవాల్సి వస్తుందేమో అని పేపర్లలో రాసే పరిస్థితి వచ్చింది.

ఆ రోజుల్లో జట్టుని మోసింది ఎవరు? బ్రాండన్ విలియమ్స్, కెస్లర్ ఎడ్వర్డ్స్ లాంటి టూ-వే ఆటగాళ్లు. విలియమ్స్‌ని 2021 డ్రాఫ్ట్‌లో ఎవరూ తీసుకోలేదు. పోర్ట్‌లాండ్‌లో కొన్ని ఆటలు, జీ లీగ్‌లో చాలా ఆటలు, తర్వాత డాలస్‌లో టూ-వే. మార్చిలో అతను ప్రత్యర్థుల మధ్య నుంచి బాస్కెట్ వైపు దూసుకెళ్తుంటే మావరిక్స్ ఆడే అమెరికన్ ఎయిర్‌లైన్స్ సెంటర్‌లో నేనూ లేచి నిలబడి చప్పట్లు కొట్టాను. కానీ ఆ 50 ఆటల హద్దు ఉంది కదా. ఆడేవాళ్లు లేక జట్టు అల్లాడుతున్నప్పుడే, ఆరోగ్యంగా ఉన్న ఈ ఇద్దరికీ ఇంకా ఎన్ని ఆటలు మిగిలాయో వేళ్ల మీద లెక్కపెట్టి, పొదుపుగా వాడుకోవాల్సి వచ్చింది. ఇంట్లో బియ్యం ఉన్నాయి, కొలపాత్ర మాత్రం ఇంతే ముంచమంటోంది.

ఈ హద్దు ఎవరిని కాపాడుతోంది? సగం జీతానికి ఒక మనిషిని ఏడాదంతా ఆడించుకోకుండా జట్లని ఆపడానికే పెట్టారని వాదన. ఉద్దేశం మంచిదే, ఒప్పుకుంటాను. జరిగేది వేరు. బాగా ఆడుతున్న కుర్రాడు 50 దగ్గరికి వచ్చేసరికి జట్టు అతనికి పూర్తి కాంట్రాక్టు ఇవ్వాలి, లేదా కూర్చోబెట్టాలి. ఖాళీ కుర్చీ, డబ్బు రెండూ ఉన్న జట్టు ఇస్తుంది. లేని జట్టు కూర్చోబెడుతుంది. తన ఆటతో సంబంధం లేని కారణానికి వాడు ఆగిపోతాడు. దానికి బదులు, 50 దాటిన ప్రతి ఆటకీ పూర్తి కనీస జీతం లెక్కన చెల్లించమని ఎందుకు అనకూడదు? జట్టుకి ఖర్చు పెరుగుతుంది, ఆటగాడు ఆడతాడు. కాపాడాల్సింది జీతాన్నయితే జీతాన్నే కాపాడాలి.

ప్లేఆఫ్స్ నిషేధం మరీ అన్యాయం. చలికాలమంతా ఆడి జట్టుని అక్కడికి చేర్చినవాడు తీరా పండగ రోజు గుమ్మం బయట నిలబడాలి. ఇది ఆకాశం నుంచి ఊడిపడ్డ నియమం కూడా కాదు. కోవిడ్ కాలంలో, 2020–21 సీజన్‌లో, లీగే ఆ 50 ఆటల హద్దు ఎత్తేసి టూ-వే వాళ్లని ప్లేఆఫ్స్‌లో ఆడనిచ్చింది. అవసరం తమదైనప్పుడు తలుపు తెరవగలిగారు. అవసరం ఆటగాడిదైనప్పుడు మళ్లీ గడియ పెట్టారు.

మయామీ హీట్‌ని చూడండి. కేలబ్ మార్టిన్‌ని షార్లట్ వదిలేశాక 2021లో మయామీ టూ-వే మీద తీసుకుంది. 2022 ఫిబ్రవరిలో పూర్తి కాంట్రాక్టు ఇచ్చింది. 2023లో ఎనిమిదో స్థానం నుంచి వచ్చిన ఆ జట్టు బోస్టన్‌లో ఏడో ఆట గెలిచి ఫైనల్స్‌కి వెళ్లింది. ఆ ఆటలో మార్టిన్ 26 పాయింట్లు చేశాడు. ఆ సిరీస్‌లో ఉత్తమ ఆటగాడి ఓటింగ్‌లో జిమ్మీ బట్లర్‌కి 5 ఓట్లు, మార్టిన్‌కి 4. పక్కన మ్యాక్స్ స్ట్రూస్, గేబ్ విన్సెంట్, డంకన్ రాబిన్సన్. ఎవరినీ డ్రాఫ్ట్‌లో ఎవరూ పిలవలేదు. స్ట్రూస్‌ని 2019లో బోస్టనే వదులుకుంది. మయామీ వాళ్లకి దివ్యదృష్టి ఉందని నేననుకోను. చివరి కుర్చీలో కూర్చున్నవాడికి కూడా వాళ్లు పని నేర్పారు, టైమ్ ఇచ్చారు. తేడా అక్కడుంది.

గోల్డెన్ స్టేట్ వారియర్స్ జట్టు కథలో తప్పూ ఒప్పూ రెండూ ఉన్నాయి. 2021 అక్టోబరులో సీజన్‌కి ముందు గ్యారీ పేటన్ II అనే ఆటగాణ్ణి తీసేశారు. అతను అదే జట్టులో వీడియోలు చూసి విశ్లేషించే ఉద్యోగానికి అడిగాడు. ఆట దగ్గర ఉంటే చాలనుకున్నాడు. కొద్దిరోజులకే పదిహేనో కుర్చీ అతనికే ఇచ్చారు. 2022లో ఆ జట్టు చాంపియన్ అయింది. మెంఫిస్‌లో మోచెయ్యి విరిగిన మనిషి ఫైనల్స్‌కి తిరిగొచ్చి డిఫెన్స్ ఆడాడు. ఆ కుర్చీని లగ్జరీ ట్యాక్స్ (జీతాల ఖర్చు ఒక గీత దాటితే జట్టు లీగ్‌కి కట్టే పన్ను) భయంతో ఖాళీగా ఉంచి ఉంటే ఏమయ్యేదో అని నేను చాలాసార్లు అనుకున్నాను.

ఖాళీగా ఉంచడమే ఇప్పుడు చాలా జట్లకి అలవాటు. కారణాలు లేకపోలేదు. ట్యాక్స్ గీత బాగా దాటిన జట్టు ఒక్కో డాలరు జీతానికి మూడు నాలుగు డాలర్ల పన్ను కట్టాల్సి వస్తుంది. పైగా ఫిబ్రవరి తర్వాత మంచి సీనియర్ ఎవరైనా బయటికొస్తే తీసుకోవడానికి చోటు ఉండాలంటారు. పదిహేనోవాడు ఎలాగూ ఆడడు, దండగ ఎందుకంటారు. నా మిత్రుడొకడు నాతో ఇంకా గట్టి మాట అన్నాడు. “అక్టోబరులోనే కుర్చీలన్నీ నింపేస్తే జనవరిలో పది రోజుల కాంట్రాక్టులు ఎక్కడి నుంచి వస్తాయి? ఒకడికి సీజనంతా ఇవ్వడం కన్నా అయిదుగురికి పదేసి రోజులు ఇవ్వడం మేలు కదా” అని.

ఈ ప్రశ్న నన్ను చాలా రోజులు వదల్లేదు. చివరికి నాకు తోచింది ఇది. పది రోజుల్లో ఒక మనిషి ఏం చూపించగలడు? జట్టు ఎత్తుల పేర్లు నేర్చుకోవడానికే వారం పడుతుంది. ఆ పది రోజుల్లో ఆడేది మూడు నాలుగు ఆటలు, అందులోనూ ఫలితం తేలిపోయాక చివరి రెండు నిమిషాలు. నేను మూడు నెలల కాంట్రాక్టు మీద పనిచేసినప్పుడు, సిస్టమ్ యాక్సెస్‌లు రావడానికే నెల పట్టింది. కోడ్ అర్థమయ్యేసరికి రెన్యువల్ టెన్షన్ మొదలైంది. అప్పుడు నేను చేసిన పనిని చూసి నా సత్తా లెక్కేస్తే అది నిజం కాదు. అయిదుగురికి పదేసి రోజులు ఇచ్చామంటే, అయిదుగురినీ సరిగ్గా చూడలేదనే అర్థం. గాయాలు ఎక్కువై మనుషులు చాలనప్పుడు అదనంగా తెచ్చుకునే వెసులుబాటు నిబంధనల్లో వేరే ఉంది. పది రోజుల కాంట్రాక్టు దానికి ఉండనివ్వండి. ఖాళీ కుర్చీ మీద పైసలు మిగుల్చుకోవడానికి వద్దు.

పన్ను సమస్యకి దారి కూడా లీగ్ దగ్గరే ఉంది. వయసు పైబడిన ఆటగాళ్ల కనీస జీతం ఎక్కువ కాబట్టి జట్లు వాళ్లని పక్కన పెడతాయేమోనని, ఏడాది కాంట్రాక్టులైతే ఆ జీతంలో కొంత భాగం లీగే భరిస్తుంది, జట్టు లెక్కలో తక్కువే చూపిస్తారు. అదే మాట పదిహేనోవాడికీ వర్తించనివ్వండి. అక్టోబరులోనే సీజన్ మొత్తానికి ఖాయం చేస్తూ కనీస జీతం ఇస్తే, ఆ ఒక్క జీతాన్ని పన్ను లెక్కలోంచి తీసేయండి. 30 జట్లకీ కలిపి 30 మంది. ఈ లీగ్‌కి వచ్చే ఆదాయంలో అది ఎంత?

ఇలా మాట్లాడితే అందరూ జెరెమీ లిన్‌ని గుర్తుచేస్తారు. 2011 డిసెంబరులో రెండు జట్లు వదిలేసిన కుర్రాడు, 2012 ఫిబ్రవరిలో న్యూయార్క్‌ని ఊపేశాడు. లేకర్స్ మీద 38 పాయింట్లు. ఆ కథంటే నాకు ప్రాణం. కానీ నా వాదనకి దాన్ని వాడుకోను. ‘సత్తా ఉన్నవాడు ఎలాగైనా పైకొస్తాడు’ అని చెప్పడానికే జనం లిన్ పేరు ఎత్తుతారు. రాకపోయినవాళ్లకి సత్తా లేదని దానర్థం. సత్నాం ఆ స్టేడియంలో టవల్ వేసుకుని కూర్చున్నప్పుడు నేను అక్కడ ఉన్నాను. ఆ మాట నేను అనలేను.

నాకు ఆండ్రే ఇంగ్రమ్ కావాలి. పదేళ్లు డెవలప్‌మెంట్ లీగ్‌లో ఆడాడు. ఖర్చులకి పిల్లలకి లెక్కలు చెప్పాడు. 2018 ఏప్రిల్‌లో, సీజన్‌లో రెండే ఆటలు మిగిలి ఉండగా లేకర్స్ పిలిచింది. తల నెరుస్తున్న 32 ఏళ్ల కొత్త ఆటగాడు హ్యూస్టన్ మీద 19 పాయింట్లు చేశాడు. అందరూ లేచి నిలబడ్డారు. మరుసటి ఏడాది ఇంకో పది రోజులు దొరికింది, అంతే. అతను స్టార్ కాలేదు. ఆ రాత్రి 19 పాయింట్లు వేసిన చేతులు అంతకుముందు పదేళ్లూ అతని దగ్గరే ఉన్నాయి.

2025 ఏప్రిల్‌లో, సీజన్ చివరి వారంలో, ఖర్చు గీత కింద చోటు దొరకగానే మావరిక్స్ విలియమ్స్ చేత పూర్తి కాంట్రాక్టు మీద సంతకం పెట్టించింది. 16న సాక్రమెంటోలో ప్లే-ఇన్ ఆట, ప్లేఆఫ్స్‌లో చోటు కోసం ఆడేది. మాకు రాత్రి తొమ్మిది దాటింది. పాప పడుకుంది, మా ఆవిడ పొద్దున డ్యూటీ అని లోపలికి వెళ్లింది. నేను సౌండ్ తగ్గించి చూశాను. పదేళ్ల కింద సిమ్ భుల్లర్‌ని పది రోజులకి తీసుకున్న జట్టు ఊరు. విలియమ్స్ జాకెట్ విప్పి స్కోరర్ టేబుల్ దగ్గరికి నడిచాడు. ఆ సంతకం పడకపోయి ఉంటే, అదే మనిషి, అదే రాత్రి, సూటు వేసుకుని బెంచ్ వెనక కూర్చుని ఉండేవాడు. డాలస్ గెలిచింది. చివరి విజిల్ పడేదాకా నేను టీవీ ముందు నుంచి లేవలేదు.